గడియ చప్పుడు ఆపిన వెల్డింగ్ బాబాయ్‌కి, ఇంకా మరికొందరికి కృతజ్ఞతలు

ఫోస్టర్ కేర్‌లో మా ఇంటికి రావాల్సిన పిల్లలిద్దరూ వచ్చేశారు. అన్నాలు తిన్నారు, పడుకున్నారు. కాళ్లు పీకేస్తున్నాయి, అయినా ఈ నాలుగు ముక్కలు ఇప్పుడు రాయకపోతే రేపటి హడావుడిలో పడి ఇక రాయను.

ముందే చెబుతున్నా, ఫొటోలు అడగొద్దు. పేర్లు, వయసులు, ఏ ఊరు, ఏ బడి అన్నదీ అడగొద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ కోసం వచ్చిన పిల్లల గుర్తు తెలిసే వివరాలేవీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. చట్టం లేకపోయినా నేను పెట్టను. ఇద్దరూ తోబుట్టువులు, అంతవరకు చాలు. ఇది దత్తత కూడా కాదు. 44వ సెక్షన్ కింద సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ఆర్డరు మీద కొంతకాలం మా ఇంట్లో పెరుగుతారు. ఫోస్టర్ కేర్ అంటే అంతే. తోబుట్టువుల్ని వీలైనంతవరకు విడదీయకూడదని అదే సెక్షన్‌లో ఉంది, అందుకే ఇద్దర్నీ ఒకేసారి తీసుకున్నాం.

మా ఆయన, అత్తయ్యగారు, తమ్ముడు, మరదలు... సున్నాలు వేసిందీ మంచాలు మోసిందీ వాళ్లే. వాళ్లకి థ్యాంక్స్ చెబితే తిడతారు. వదిలేస్తున్నా.

ఇది అసలు ఆటోనగర్ వెల్డింగ్ బాబాయ్ కోసం రాస్తున్నది.

మాది బెజవాడ పటమటలో పాత డాబా, పై వాటాలో ఉంటాం. బాల్కనీ పిట్టగోడ బాగా పొట్టి, పిల్లలున్న ఇంటికి పనికిరాదు. గ్రిల్ కొలతలకి వచ్చిన ఆయన ముందు డిజైన్ల పుస్తకం తీసి, వెంటనే మూసేశాడు. "పిల్లలుంటే ఇయ్యేం వద్దమ్మా, నిలువు చువ్వలే" అన్నాడు. అడ్డ చువ్వలు, పూల డిజైన్లు పెట్టామంటే పిల్లలకి నిచ్చెన కట్టిచ్చినట్టే. 12 ఎంఎం చదరపు చువ్వ, రెండు చువ్వల మధ్య ఖాళీ నాలుగంగుళాలు దాటకుండా. అంతకంటే వెడల్పుంటే పిల్లలు దూరతారు, తల ఇరుక్కుపోవచ్చు. ఫ్రేమును పైపై ప్లాస్టరింగుకి మేకులు కొట్టి నిలబెట్టకూడదు, లోపలి ఇటుకలోకి యాంకర్ బోల్టులు దిగాలి. మన పాత డాబాల్లో ప్లాస్టరింగు ఎప్పుడో గుల్లబారి ఉంటుంది, చేత్తో కొట్టి చూస్తే చప్పుడులోనే తెలిసిపోతుంది. వెల్డింగ్ అతుకులన్నీ గ్రైండర్ డిస్కు పట్టించి నున్నగా చేశాకే రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) వేయాలి, లేకపోతే ఆ కొసలకే అరచేతులు చీరుకుంటాయి. గ్రిల్ పెట్టేశాం కదా అని దాని పక్కనే కుర్చీ, పూల కుండీ ఉంచితే మాత్రం పెట్టి లాభం లేదు.

పిల్లల గది కిటికీకి మాత్రం గ్రిల్లోనే రెండడుగుల చిన్న తలుపు పెట్టాలని పట్టుబట్టాడు. గదికి తలుపు ఒక్కటే, కిటికీలకేమో పూర్తిగా చువ్వలు. నిప్పంటుకుంటే బయటపడే దారేదీ? ఆ చిన్న తలుపుకి తాళం ఉంటుంది, తాళంచెవి గదిలోనే మేకుకి. బయట నుంచి చెయ్యి పెడితే అందకూడదు, లోపల పిల్లలకి అందాలి. వాళ్ల చేత ఒకసారి తీయించి చూడాలి కూడా.

కొలతలు రాసుకుంటూ "ఎవరి పిల్లలమ్మా?" అని అడిగాడు. ఫోస్టర్ కేర్ అంటే ఏంటో చెప్పాం. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెట్లు దిగి కింద గేటు దగ్గరికెళ్లి ఇనప గడియ ఎత్తి వదిలాడు. ఠంగుమంది. మళ్లీ ఎత్తి వదిలాడు. "నేను హాస్టల్లో పెరిగినోణ్ణమ్మా. రాత్రి గేటు గడియ పడిందంటే లెక్కెట్టడానికి వస్తన్నారని. ఆ చప్పుడికి పక్క తడిపేసేవోళ్లం. ఇది మార్చాలి" అన్నాడు.

పాత సైకిల్ ట్యూబు తెచ్చి, గడియ పడే చోట రెండు చుట్లు చుట్టి బైండింగ్ వైరుతో బిగించాడు. రబ్బరు బుష్ పెట్టొచ్చు కదా అంటే, మన ఎండలకి అది బిగుసుకుని, పగిలి రాలిపోతుందట. ట్యూబైతే మెత్తగా ఉంటుంది, ప్రతి వేసవి దాటాక మార్చుకుంటే సరిపోతుంది. గేటు ఒక పక్కకి కుంగి నేలకి రాసుకుంటోంది. పై బందు వదులవడం వల్ల అలా అవుతుంది, కింద గీరితే పోదు. పై బందు బిగిస్తే గీరుకునే చప్పుడు పోయింది. ఆ తర్వాత ఇల్లంతా తిరిగి ప్రతి తలుపు బందుకీ కుట్టుమిషన్ నూనె రెండేసి చుక్కలు వేసి, తలుపు నాలుగుసార్లు ఆడించి, కారిన నూనె గుడ్డతో తుడిచాడు. కొబ్బరినూనె వద్దన్నాడు, అది దుమ్ము పట్టి జిగురెక్కి ఇంకా కిర్రుమంటుందట. గాలికి తలుపు ధడేల్న పడకుండా చౌకట్టుకి రబ్బరు ముక్కలు అంటించాడు.

గ్రిల్ డబ్బులు పైసాతో సహా తీసుకున్నాడు, తీసుకోవాలి కూడా. గడియ పని మాత్రం బిల్లులో లేదు. గ్రిల్ బిగించే రోజు ఆయనతో పాటు రెండు చిన్న రేకు పెట్టెలు కూడా వచ్చాయి. నీలం రంగు వేసి, మూత అంచులు లోపలికి మడిచి, చెరో తాళంకప్ప పెట్టినవి. "చెవులు రెండూ ఆళ్ల చేతికే ఇయ్యండమ్మా, ఒకటి మీ దగ్గరెట్టుకోబాకండి" అన్నాడు. అక్కడ నా వల్ల కాలేదు, వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆయన నా వైపు చూడకుండా గ్రిల్‌కి రంగు వేసుకుంటూ ఉన్నాడు, అందుకూ థ్యాంక్స్.

పెట్టెకి తాళమేస్తే లోపల ఏం దాచుకుంటారో అని కొందరు అన్నారు. ప్రమాదమైనవి మన తాళం కింద ఉంటే పిల్లల పెట్టెకి తాళం ఉన్నా భయం లేదు. వాళ్లు లేనప్పుడు పెట్టె వెతికితే, ఆ తర్వాత మనం చెప్పేది ఏదీ నమ్మరు.

రెండో పెద్ద థ్యాంక్స్ గవర్నర్‌పేట కొట్టు పంపిన ఎలక్ట్రీషియన్‌కి. బోర్డులో ఎంసీబీలు (వాటంతటవే పడిపోయే స్విచ్చులు) ఉన్నాయి కదా అనుకుంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది తీగని, మనిషిని కాదు. లోడెక్కువైనా, షార్టయినా పడుతుంది, అంతే. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే పడిపోయేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీయాంపులది పెట్టించాలి. పెట్టాక ఊరూరికే ట్రిప్పవుతుంటే చాలామంది దాన్ని బైపాస్ చేసేస్తారు. మా ఇంట్లోలాగా పై వాటా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), కింది వాటా న్యూట్రల్ ఎక్కడో కలిసి ఉంటే అలా అవుతుంది. ఓపిగ్గా వెతికి విడదీయించుకోవాలి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి, పడకపోతే అది అలంకారానికే. మన బెజవాడ ఎండలకి కూలర్ తప్పదు, రేకు కూలరైతే మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి, ఎర్తు నిజంగా ఉండాలి, నీళ్లు పోసేముందు ప్లగ్గు తీసెయ్యాలి. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. బకెట్లో వేసే హీటర్ రాడ్ అసలు ఇంట్లోంచే తీసేశాం. గీజర్ 50 డిగ్రీల దగ్గర పెట్టాం. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదారు సెకన్లలో కాల్చేస్తాయి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్నీళ్లు.

మంచాల సంగతి. ఇద్దరు పిల్లలనగానే కొట్టువాళ్లు బంకు బెడ్డే చూపిస్తారు. నడినెత్తిన ఫ్యాను తిరిగే ఇళ్లల్లో అది వద్దు, పై మంచం మీద లేచి చెయ్యెత్తితే రెక్కలు తగుల్తాయి. రెండు విడి మంచాలు, తక్కువ ఎత్తువి. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద మందం దుప్పటి, ఆ పైన మామూలు దుప్పటి. కొత్తచోట పెద్దపిల్లలు కూడా పక్క తడపడం మామూలే. మారు దుప్పటి, మారు బట్టలు వాళ్లకి అందే అరలోనే ఉంటే అర్ధరాత్రి ఎవర్నీ లేపక్కర్లేకుండా మార్చుకుంటారు. తడిసినవి వేయడానికి మూత బకెట్ బాత్రూమ్‌లో. పొద్దున ఆ ఊసే ఎత్తకూడదు. గది నుంచి బాత్రూమ్ దాకా పసుపు రంగు బెడ్‌లైట్లు. బాత్రూమ్‌కి లోపలి గడియ ఉండాల్సిందే, వాళ్లకీ మర్యాద ఉంటుంది. కానీ బయట నుంచి రూపాయి బిళ్లతో తిప్పితే తెరుచుకునే రకం పెట్టాలి.

తాళం కింద పెట్టినవి: అత్తయ్యగారి షుగరు మాత్రలు (ఒక్కటి మింగినా పిల్లలకి షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు), బీపీ మాత్రలు, పారాసిటమాల్‌తో సహా అన్ని స్ట్రిప్పులు, జుట్టుకేసే రంగు, యాసిడ్, ఫినాయిల్. దేవుడి గదిలో కర్పూరం కూడా, కలకండ అనుకుని మింగితే ఫిట్స్ వస్తాయి. బీరువాలో కలరా ఉండలు పారేసి వేపాకు పెట్టాం. ఎలుకల పేస్టు మాత్రం తాళం కింద కూడా ఉంచొద్దు, పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) ఉన్నదానికి విరుగుడు లేదు, ఇంట్లోకే రానివ్వకూడదు. కూల్‌డ్రింక్ సీసాల్లో యాసిడ్ పోసి పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి ఇవాళే మానండి. గ్యాస్ ట్యూబు మీద తేదీ చూసుకోండి, సురక్ష ట్యూబైనా ఐదేళ్లే.

వంటింట్లో వాళ్లకి అందే ఎత్తులో ఒక డబ్బా: మరమరాలు, పల్లీ చిక్కీ, అరటిపళ్లు. అడగకుండా తీసుకోవచ్చు. ఆకలి ఎరిగిన పిల్లలు తిండి దిండు కింద దాస్తారు. దొంగతనం అని తిట్టామా, ఇంకా లోతుగా దాస్తారు. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకపోతే కొన్ని వారాలకి దాచడం దానంతటదే తగ్గుతుంది. వాళ్లతో వచ్చిన సంచీ ఎంత మాసిపోయినా పారెయ్యకూడదు, అడక్కుండా ఉతక్కూడదు కూడా. అమ్మా నాన్నా అని పిలవమని బలవంతం లేదు, వాళ్లకి ఎలా వస్తే అలా పిలుస్తారు.

ఇప్పుడొక్క మాట, కడుపులో పెట్టుకోలేక. ఏ ఆఫీసో చెప్పను. ఆదాయం కాగితం, పోలీసు కాగితం, డాక్టరు కాగితం, అన్నీ అడిగారు. అడగాలి, పిల్లల్ని ఊరికే ఎవరికీ ఇవ్వరు. కానీ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు టీవీ, ఫ్రిజ్ రాసుకున్నారు. ఎర్తు ఉందా, మందులు ఎక్కడ పెడతారు, మేడ మెట్ల తలుపుకి గడియ ఉందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇచ్చిన కాగితాలే మళ్లీ ఇమ్మన్నారు. తీరా పిల్లలొచ్చే కబురు సాయంత్రం పొద్దుపోయాక చెప్పి, "రేపు పొద్దున్నే" అన్నారు. టీకాల కార్డు రాలేదు. ఏ మందులు పడవో రాసిన కాగితం లేదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఒక్కో బిడ్డకి నెలకి 4000 రూపాయలు ఇస్తారు. మాకు అవి లేకపోయినా గడుస్తుంది, అవి లేకపోతే పిల్లల్ని తీసుకోలేని మంచి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. "ఎకౌంటు ప్రాసెస్‌లో ఉందండి" అంటే వాళ్ల పొయ్యి వెలుగుతుందా? సీడబ్ల్యూసీ నెలనెలా ఇల్లు తనిఖీ చేయాలని చట్టంలోనే ఉంది. రండి, తప్పకుండా రండి. వచ్చేటప్పుడు ఆ టీకాల కార్డు పట్టుకురండి.

టీసీ లేదని ఒక బడి తిప్పి పంపింది. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. ఇంకో బడి హెడ్‌మేడమ్ ఆ సెక్షన్ సంగతి మేం ఎత్తకముందే రిజిస్టరు తీసి, "మధ్యాహ్న భోజనానికి కంచాలు తేవాలమ్మా" అన్నారు. మేడమ్, మీకు వెయ్యి దండాలు.

పోస్టు పెట్టేసి చూసుకుంటే బోలెడుమందిని మర్చిపోయా. వన్‌టౌన్‌లో రబ్బరు షీట్లు మంచం కొలతకి కత్తిరించి ఇచ్చిన అబ్బాయి. వాటికి అంచులు కుట్టి, జారకుండా నాలుగు మూలలా ఎలాస్టిక్ వేసిన కుట్టుమిషన్ అక్క. వీధి చివర మెడికల్ షాపు ఆయన, మా పాత మందులన్నీ కూర్చోబెట్టుకుని తేదీలు చూసి ఏవి పారెయ్యాలో వేరు చేసిచ్చారు. కింది వాటా వాళ్లు వాళ్ల సంపు మూతకి కూడా తాళం వేశారు. ఆ ఆఫీసులన్నిటి మధ్యలో ఆదివారం కూడా ఫోనెత్తిన ఒక సోషల్ వర్కర్ అమ్మాయి, నువ్వు లేకపోతే ఫైలు ఇంకా ఏదో బల్ల మీదే ఉండేది తల్లీ.

ఎదురింటి మాస్టారూ, మీ నిచ్చెన ఇంకా మా దగ్గరే ఉంది. రేపు పొద్దున తమ్ముడి చేత పంపిస్తా.