క్రాబీలో ఆ పడవ తమ్ముడికి థాంక్స్
మొన్న థాయ్‌లాండ్‌లోని క్రాబీలో ఆవ్ నాంగ్ అనే ఊరి నుంచి రైలే బీచ్‌కి లాంగ్‌టెయిల్ బోట్‌లో, అదే అక్కడి పొడవాటి చెక్క పడవలో, వెళ్ళాం, చుట్టూ సున్నపురాయి కొండలే కదా, రోడ్డు లేదు, పడవే గతి. తీరా చూస్తే మోకాల్లోతు నీళ్ళలో దిగాలి, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఊగిపోతోంది, చంటిదాన్ని ఎత్తుకుని నేను బిక్కమొహం వేశా. పక్క పడవ కుర్రాడు, మాకు సంబంధమే లేదు, గబుక్కున నీళ్ళలోకి దూకి అమ్మ చెయ్యి తన భుజం మీద వేయించుకుని ఒక్కో మెట్టూ దింపి ఇసుక దాకా నడిపించాడు. అలకి కొట్టుకుపోయిన చెప్పు కూడా తెచ్చిచ్చాడండీ! డబ్బులిస్తే నవ్వి చేతులు జోడించేశాడు. అమ్మైతే పడవ ముక్కుకి కట్టిన రంగు గుడ్డలకి దణ్ణం పెట్టుకుంది, పడవని కాచే తల్లికి కడతారట అవి. కంగారులో పేరైనా అడగలేదు తమ్ముడూ, చాలా థాంక్స్.