చికిత్స పేరిట సాగిన హింస

సంపాదక మహాశయా,

స్వలింగ ఆకర్షణను నయం చేస్తామంటూ వైద్యులు సాగించిన ప్రయోగాల చరిత్ర చదివి మనసు వికలమైంది. 1920 ప్రాంతంలో వియన్నా శాస్త్రవేత్త స్టైనాక్ వృషణ మార్పిడి శస్త్రచికిత్సలు చేయించారు. ఫలితం లేదు. తర్వాతి దశాబ్దాల్లో పురుషుల చిత్రాలు చూపిస్తూ విద్యుత్ షాకులిచ్చారు, వాంతులయ్యే మందులు ఎక్కించారు. దాన్ని వైద్యమనడానికి నోరెలా వచ్చింది? 1952లో బ్రిటన్ న్యాయస్థానం, స్వలింగ సంబంధం నేరమంటూ, గణిత మేధావి అలన్ ట్యూరింగ్‌ను జైలో, హార్మోన్ల చికిత్సో తేల్చుకోమంది. ఆయన హార్మోన్లకు ఒప్పుకున్నారు, రెండేళ్లకే మరణించారు.

స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తేల్చాయి. అయినా లేని జబ్బుకు వైద్యం అమ్మేవారు ఇంకా ఉన్నారు. బిడ్డను వారి దగ్గరకు తీసుకెళ్లబోయే తల్లిదండ్రులారా, దయచేసి ఆగండి.

- ఒక పాఠకురాలు