వార్షిక నివేదిక: పొదపిగిలి, కొండ పొదపిగిలి

సభ్యులందరికీ నమస్కారం.

చెరువుల దగ్గర శీతాకాలపు లెక్కింపు, బడిపిల్లలతో నడకలు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన పక్షి పరిశీలకుల సంఘం ఎక్కువగా తలపట్టుకున్నది మాత్రం రెండు పిగిలి (బుల్బుల్) పిట్టల విషయంలో.

పొదపిగిలిని చూడనివాళ్లు కూడా దాని గొంతు వినే ఉంటారు. ముళ్లపొదలో దాక్కుని ఒక్కసారిగా గలగలా వాగేసి ఊరుకుంటుంది. కంటిమీద తెల్లటి గీత దీని గుర్తు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో తోటల్లోనూ పెరళ్లలోనూ సర్దుకుపోతుంది కనుక అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో దీని గురించి పెద్దగా టెన్షన్ లేదు.

కొండ పొదపిగిలి దీనికి దగ్గరి చుట్టమే, రెండూ పిక్నోనోటస్ ప్రజాతివే. కానీ ఇది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఉండేది కూడా హార్స్‌లీ హిల్స్, నంది కొండల్లాంటి చోట్ల, గుండ్రాళ్ల మధ్య పెరిగే తుప్పల్లోనే. తల, గొంతు పసుపు, రొమ్ము బూడిద రంగు. బండ సందున మొలిచిన మర్రిజాతి చెట్టుకు పండ్లు కాస్తే అక్కడికి తప్పకుండా వస్తుంది. ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పున్న 'వల్నరబుల్' జాతిగా గుర్తించింది. గ్రానైట్ క్వారీలు, వంటచెరకు నరుకుడు, కార్చిచ్చు దీనికి శత్రువులు. చెట్టు కొడితే మళ్లీ చిగురించవచ్చు, కొండ తొలిచేస్తే పుట్టదు కదా.

తోక కింద పసుపు రెండింటికీ ఉంటుంది. ఆకుల చాటున అంతే కనబడి తుర్రుమంటే ఎవరైనా తికమకపడతారు. అందుకే ఫొటో గానీ గొంతు రికార్డింగు గానీ లేనిదే కొండ పొదపిగిలిని లెక్కలో రాయకూడదని కార్యవర్గం తీర్మానించింది. మరీ చాదస్తమని కొందరు విసుక్కున్నారు. అయినా తప్పదు. పొదపిగిలిని చూసి కొండ పొదపిగిలి అని రాస్తూ పోతే, అది ఎక్కడ పడితే అక్కడ ఉన్నట్టు కాగితాల మీద కనిపిస్తుంది. క్వారీ అనుమతి కోరేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? పైగా అనుమానపు ఎంట్రీలు నాలుగు చేరితే నిజమైనవాటినీ ఎవరూ నమ్మరు.

పాత ఎంట్రీల వడపోత సగంలో ఉంది. ఈ పిట్టలు ఎక్కువగా గూడుకట్టే కాలంలో రికార్డింగు వినిపించి పిట్టను బయటికి రప్పించడం నిషిద్ధం. ఫొటో కోసమైనా సరే. వచ్చే ఏడాది క్వారీలకు ఆనుకుని ఉన్న గుట్టల మీద ముందుగా సర్వే చేస్తాం. ఎండకు ముందే కొండెక్కగలిగినవాళ్లు కార్యదర్శికి పేర్లివ్వండి.