సంకేతం ఒళ్లు దాటదని ఎవరు కొలిచారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న నగరంలో జరిగిన ఒక ప్రదర్శనలో ఛాతీకి అంటించుకునే పట్టీ చూపించారు. గుండె లయను గాలిలోకి వదలకుండా చర్మం మీదుగానే చేతి గడియారానికి చేరవేస్తుందట. “సంకేతం ఒళ్లు దాటి బయటికి పోదండీ, పక్కవాళ్లు దొంగిలించలేరు” అన్నాడు అక్కడి కుర్రాడు. ఎంత దూరంలో కొలిచారు బాబూ అని అడిగితే కరపత్రం చేతిలో పెట్టాడు. అందులో ఒక్క అంకె లేదు.

నేను ముప్పై ఏళ్లు విద్యుత్ సంకేతాన్ని తెర మీద అలగా చూపే ఆసిలోస్కోప్‌ల ముందు కూర్చున్నవాణ్ణి. దాని కొలత తీగ (ప్రోబ్) మొనను వేలితో తాకితే చాలు, తెర మీద 50 హెర్ట్జ్ అల, అంటే సెకనుకు యాభై సార్లు లేచిపడే అల, ఊగుతుంది. గోడలోని కరెంటు తీగల రొద మన ఒంట్లోకి చేరిందన్నమాట. లోపలికి రాగలిగింది బయటికి పోలేదా? పాత టీవీ యాంటెన్నా పట్టుకుని నిలబడితే బొమ్మ బాగుపడిన రోజులు మీ పాఠకులకూ గుర్తుండే ఉంటాయి.

అలాగని ఈ పద్ధతి బూటకమని అనను. ఒక మెగాహెర్ట్జ్ (పది లక్షల హెర్ట్జ్) లోపు పంపిన సంకేతం ఒంటికి 15 సెంటీమీటర్ల లోపే దొరుకుతుందనీ, మామూలు రేడియో సంకేతమైతే మీటర్ల దూరం పోతుందనీ 2019లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కానీ ఇదే పనికి 2012 నాటి ఐఈఈఈ (అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం) 802.15.6 ప్రమాణం ఎంచుకున్నది 21 మెగాహెర్ట్జ్. ఈ హెర్ట్జ్ లెక్క (పౌనఃపున్యం) పెరిగేకొద్దీ ఒళ్లే యాంటెన్నా అవుతుంది. అందుకే ఏ పరికరాన్ని ఆ పరికరంగా కొలవాలి.

కొలతలోనూ ఒక మెలిక ఉంది. మీటరును మూడు పిన్నుల ప్లగ్గుతో గోడకు తగిలిస్తే ఎర్తు తీగ కూడా సర్క్యూట్‌లో కలిసిపోతుంది. అప్పుడు వచ్చే అంకె రోడ్డు మీద నడిచే మనిషిది కాదు. బ్యాటరీ మీటరుతో కొలవాలి. కూర్చోబెట్టి, చేయి చాపించి, పక్కన ఇంకొకరిని ఆనించి మరీ కొలవాలి. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్రోలో 15 సెంటీమీటర్ల ఎడం ఎక్కడ దొరుకుతుంది!

సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతలిపిలో పంపుతారు కదా అనవచ్చు. తాళం ఉంది కదా అని తలుపు తెరిచి పెట్టం.

భారతీయ ప్రమాణాల సంస్థ కొలిచే పద్ధతిని నిర్ణయించి, ఎంత దూరం వరకు సంకేతం దొరుకుతుందో డబ్బా మీద అచ్చు వేయించాలి. పరాయి సంకేతాలను పసిగట్టడమే పనిగా గల రక్షణ ప్రయోగశాల చాంద్రాయణగుట్టలోనే ఉంది, కందిలో ఐఐటీ ఉంది. చేతకాని పనేమీ కాదు. అచ్చు వేయడానికి చోటు లేదనీ అనలేరు. ఆ కరపత్రం వెనక పేజీ అంతా ఖాళీయే.

— ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్,
కుషాయిగూడ, హైదరాబాద్