జరిమానా ఎవరి పెట్టెలో పడింది?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ విద్యా పేజీలో ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల కాలపు న్యాయవ్యవస్థ మీద వచ్చిన వ్యాసం చదివాం. 1066లో నార్మన్ల నాయకుడు విలియం గెలవగానే పాత కోర్టులన్నీ రద్దయ్యాయనీ, నిప్పుతో నీళ్లతో నేరం తేల్చే పద్ధతిని నార్మన్లే తెచ్చారనీ అందులో రాశారు. రెండూ తప్పే. న్యాయశాస్త్రం చదివే పిల్లలు మీ పేజీ కత్తిరించి దాచుకుంటారు, అదే పరీక్షలో రాస్తారు. అందుకే ఈ ఉత్తరం.

కోర్టుల సంగతి చూద్దాం. షైర్ అంటే మన జిల్లా లాంటిది. దాని కింద ఉండే హండ్రెడ్‌ను మన పాత ఫిర్కాతో, అంటే కొన్ని ఊళ్ల గుంపుతో, పోల్చుకోవచ్చు. రెండు చోట్లా నార్మన్లకు ముందు ఇంగ్లండును ఏలిన శాక్సన్ల కాలం నుంచీ కోర్టులున్నాయి, నార్మన్ల కాలంలోనూ నడిచాయి. షైర్‌లో రాజు తరఫు అధికారి అయిన షెరీఫ్ పదవి కూడా పాతదే. ఆ కుర్చీల్లోకి నార్మన్లు వచ్చారు, అంతే. ఊరికి మగవాళ్లందరినీ పదేసి మంది జట్టుగా కట్టి, ఒకడు తప్పు చేసి పారిపోతే మిగతావాళ్లు జవాబు చెప్పాలనే ఏర్పాటుకూ పాత వేళ్లే ఉన్నాయి. నార్మన్లు దాన్ని బిగించారు. పన్నెండేళ్లు నిండిన ప్రతివాడూ ఏదో ఒక జట్టులో ఉండాలి, షెరీఫ్ ఏడాదికి రెండుసార్లు వచ్చి తనిఖీ చేస్తాడు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లు ఎరుకల వాళ్ల మీద నేరస్థ తెగ అని ముద్ర వేసి, కావలిలో సెటిల్‌మెంట్ పెట్టి హాజరు పిలిచిన సంగతి తెలిసినవాళ్లకు ఈ వాసన కొత్త కాదు.

ఇక నిప్పుతో నేరం తేల్చే ఇనుము పరీక్ష. ఒక పౌను బరువున్న ఇనుమును ఎర్రగా కాల్చి చేతిలో పెడతారు. నిందితుడి పాదంతోనే కొలిచిన తొమ్మిది అడుగులు నడవాలి. నేరం పెద్దదైతే ఇనుము మూడు పౌన్లు. నడిచాక చేతికి గుడ్డ చుట్టి ముద్ర వేసి, మూడో రోజున విప్పి చూస్తారు. చెయ్యి కాలిందా అని ఎవరూ చూడరు, కాలకుండా ఎలా ఉంటుంది? పుండు మానుదల పట్టిందా, చీము పట్టిందా అన్నదే తీర్పు. చీముంటే నేరస్థుడు. మన యాజ్ఞవల్క్య స్మృతిలోని అగ్నిదివ్యం దీనికి దూరపు చుట్టం: దోసిట్లో ఏడు రావి ఆకులు పరిచి, మీద యాభై పలాల (పలం పాత తూకం) ఇనుప గుండు పెట్టి, ఏడు మండలాలు, అంటే నేల మీద గీసిన వలయాలు, నడిపిస్తారు. ఇంగ్లండులో ఈ పరీక్ష శాక్సన్ రాజుల చట్టాల్లోనే ఉంది. నార్మన్లు దాన్ని అట్టే పెట్టుకున్నారు.

ఇందులో లొసుగు ఎక్కడుందంటే, కట్టు విప్పి చూసి చెప్పేది పాదిరి. ఆయన కళ్లకు ఏది కనిపిస్తే అదే దైవవాక్యం. విలియం కొడుకు విలియం రూఫస్ కాలంలో, రాజుగారి జింకల్ని చంపారని యాభై మంది ఇంగ్లీషు వాళ్లను ఈ పరీక్షకు పెట్టారు. మూడో రోజు విప్పి చూస్తే యాభై చేతులూ శుభ్రంగా ఉన్నాయని ఈడ్మర్ అనే సన్యాసి రాశాడు. రూఫస్ మండిపడి, ఇక మీదట తీర్పు దేవుడిది కాదు, తనది అన్నాడట. అయినా ఆ పరీక్ష మరో వందేళ్లకు పైగా నిలిచింది. 1215లో లాటరన్ సభ అనే చర్చి పెద్దల సమావేశం, పాదిరీలు దీనిలో చెయ్యి పెట్టకూడదని కట్టడి చేశాక, 1219లో గానీ ఇంగ్లండు దాన్ని వదల్లేదు.

నార్మన్లు నిజంగా తెచ్చింది ద్వంద్వ యుద్ధం. వాది, ప్రతివాది కర్రలు, డాళ్లు పట్టుకుని కొట్టుకోవాలి. చుక్కలు పొడిచేదాకా నిలబడగలిగితే ప్రతివాది గెలిచినట్టే. చూడాల్సింది దీనికి పెట్టిన షరతు. నార్మన్ ఒకడు ఇంగ్లీషువాడి మీద హత్యో దొంగతనమో మోపితే, ఆ ఇంగ్లీషువాడు ఇనుమైనా పట్టుకోవాలి, యుద్ధమైనా చెయ్యాలి. అదే ఇంగ్లీషువాడు నార్మన్ మీద ఫిర్యాదు చేసి, ఆ రెండు దారుల్లో దేనికీ సిద్ధపడకపోతే, నార్మన్ ఒక ప్రమాణం చేసి ఇంటికి పోవచ్చు. ఒకే కోర్టు, రెండు రకాల మనుషులు. మీ వ్యాసంలో ఈ ముక్క లేకపోవడమే మాకు పెద్ద లోటనిపించింది. ఈ యుద్ధ హక్కును 1819లో గానీ చట్టంలోంచి తీసెయ్యలేదు. అంతకు ముందు ఏడాదే ఒక హత్య కేసు ముద్దాయి దాన్ని అడిగి బయటపడ్డాడు మరి!

డబ్బు దగ్గరికి వస్తే అసలు మార్పు కనిపిస్తుంది. శాక్సన్ల దగ్గర ప్రాణానికి వెల కట్టి ఉండేది. వెసెక్స్ ప్రాంతంలో మామూలు రైతు ప్రాణం 200 షిల్లింగులు, పెద్దమనిషిది 1200. చంపినవాడి తరఫువాళ్లు చచ్చినవాడి బంధువులకు అది చెల్లిస్తే పగ ఆగుతుంది. ఈ పద్ధతి ఒక్కరోజులో పోలేదు గానీ, నార్మన్ల కింద క్రమంగా ఎండిపోయింది. దాని చోట్లోకి మర్‌డ్రమ్ అనే జరిమానా వచ్చింది.

అది ఇలా నడిచేది. ఒక నార్మన్ హత్యకు గురైతే, చంపినవాణ్ణి అతని దొర ఐదు రోజుల్లో పట్టివ్వాలి. లేదంటే 46 మార్కుల వెండి కట్టాలి. దొర దగ్గర సొమ్ము చాలకపోతే మిగతాది హండ్రెడ్ మొత్తం మీద పడుతుంది. మార్కుకు 160 పెన్నీలు, అంటే 46 మార్కులు 7360 పెన్నీలు. దుక్కిటెద్దు ఒకటి 36 పెన్నీలు వేసుకున్నా రెండొందల ఎద్దులు. (మన ఒంగోలు గిత్తలు కావులెండి, అక్కడి మామూలు ఎద్దులు.) తర్వాతి న్యాయగ్రంథాల లెక్కలో ఇందులో 40 మార్కులు రాజుకు, 6 మాత్రమే చనిపోయినవాడి బంధువులకు.

ఇంకో మెలిక ఉంది. శవం ఎవరిదో తెలియకపోతే నార్మన్‌దనే లెక్క. కాదు, ఇంగ్లీషువాడేనని బంధువుల సాక్ష్యంతో ఊరే రుజువు చేసుకోవాలి. రెండు జాతులూ పెళ్లిళ్లతో కలిసిపోయి ఎవరు ఎవరో తెలియని కాలం వచ్చాక కూడా ఈ రుజువు అడుగుతూనే ఉన్నారు. 1340లో గానీ ఎత్తెయ్యలేదు. ఖజానాకు రాబడి ఉన్న చట్టం అంత తేలిగ్గా పోతుందా?

అడవి చట్టం కూడా ఈ కోవదే. ఫారెస్టు అంటే చెట్లున్న చోటు అని మీ వ్యాసం అనువదించింది. నిజానికి అందులో ఊళ్లు, పొలాలు కూడా ఉండేవి. రాజు వేట కోసం గీత గీసిన ప్రాంతమంతా ఫారెస్టే. అక్కడ కాపలా కుక్కను పెంచుకోవాలంటే అది జింకను తరమలేకుండా ముందుకాలి గోళ్లు మూడు తీయించాలి. తీయించని కుక్క దొరికితే యజమానికి మూడు షిల్లింగులు జరిమానా అని 1217 నాటి అడవి శాసనంలో ఉంది.

మీ వ్యాసంలోని శిక్షల పేరాలో తేదీలు తారుమారయ్యాయి. ఉరి వద్దని, బదులుగా కళ్లు పీకి వృషణాలు తీసెయ్యమని చెప్పింది మొదటి విలియం. దొంగలకు ఉరిని తిరిగి తెచ్చింది ఆయన ఇంకో కొడుకు మొదటి హెన్రీ, 1108లో. 1124లో లీస్టర్‌షైర్‌లో ఒకే విచారణలో 44 మంది దొంగల్ని ఉరి తీశారు. చర్చి కేసులను హండ్రెడ్ కోర్టుల నుంచి విడదీయడం మాత్రం మీరు సరిగ్గానే రాశారు. అది 1072 ప్రాంతంలో మొదటి విలియం ఆజ్ఞతో జరిగింది.

వచ్చే వారం పేజీలో కనీసం మూడు సవరణలు వేయండి: షైర్, హండ్రెడ్ కోర్టులు కొనసాగాయని, ఇనుము పరీక్ష శాక్సన్ల నాటిదని, ఉరిని మళ్లీ తెచ్చింది హెన్రీ అని. చోటుంటే మర్‌డ్రమ్ లెక్క కూడా చేర్చండి.

ఇట్లు,
న్యాయచరిత్ర బోధకులు,
కావలి, నెల్లూరు జిల్లా