టామీని ఎవరికీ ఇవ్వకు, ఇల్లు దొరుకుతుంది

ఒరేయ్ శీనూ,

నీకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ ఖాయమైందని తెలిసి మా ఇంట్లో పండగే అనుకో. మీ చెల్లెలు అప్పుడే పిల్లల స్కూళ్ల గురించి వాకబు మొదలుపెట్టింది. కానీ ఉత్తరం చివర నువ్వు రాసిన మాట నాకు అస్సలు నచ్చలేదు. "అక్కడ కుక్క ఉంటే ఎవరూ ఇల్లివ్వరట కదా, టామీని అనకాపల్లిలో మామయ్య వాళ్ల తోటలో వదిలేద్దామనుకుంటున్నాం" అన్నావు. ఎవరు చెప్పార్రా నీకు? ఇవ్వనివాళ్లు చాలామందే ఉన్నారు, కాదనను. ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మేం మా కుక్క శివంగిని పెట్టుకుని ఈ ఊళ్లో ఇల్లు మారాం, ఇప్పుడు హాయిగానే ఉన్నాం. ఏడేళ్లు మీ మంచం పక్కన పడుకున్న జీవం ఎవరి తోటలోనో గేటు వైపు చూస్తూ కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించు. చెల్లెమ్మ దీనికి ఒప్పుకుందంటే నేను నమ్మను.

ముందు చెడ్డ సంగతులు చెప్పేస్తాను. ఫోన్‌లో "మాకో కుక్క ఉందండీ" అనగానే సగం మంది పెట్టేస్తారు. మిగతావాళ్లలో ఒకరు ఇంట్లో పూజలూ మడీ అంటారు, ఇంకొకరు పై పోర్షన్‌లో పసిపిల్లలున్నారంటారు. 2023లో అంబర్‌పేటలో వీధికుక్కలు చిన్న బాబుని పొట్టన పెట్టుకున్న దగ్గర్నుంచి ఆ భయం ఇంకా పెరిగింది. వాళ్లని తప్పుపట్టలేం. మన టామీ వేరు, ఆ కుక్కలు వేరు అని మనకి తెలుసు గానీ, మనవరాలిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ తాతకి ఎలా తెలుస్తుంది?

మల్కాజ్‌గిరిలో ఒకావిడైతే మాట్లాడకుండా మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి పడగ్గది తలుపు చూపించింది. టేకు తలుపు. గొళ్లెం కింద నుంచి నేల దాకా నిలువునా గోళ్ల గీతలు, పాలిష్ లేచిపోయి లోపలి చెక్క తెల్లగా కనిపిస్తోంది. అంతకుముందు అద్దెకున్నవాళ్లు పొద్దున కుక్కని ఆ గదిలో పెట్టి గడియ వేసి, రాత్రికి వచ్చేవాళ్లట. పాపం అది రోజంతా తలుపు గీరుతూనే ఉండేదన్నమాట. నాకు ఆవిడ మీద కోపం రాలేదురా. ఆ గీతలు చూశాక ఆ మూగజీవం మీద జాలేసింది, తలుపు మీదా జాలేసింది. ఓనర్లలో చాలామంది భయపడేది కుక్కకి కాదు, ఇలాంటి అద్దెదారులకి. మనం అలాంటివాళ్లం కాదని వాళ్లకి నమ్మకం కుదరాలి. ఇల్లు దొరకడమంతా అక్కడే ఉంది.

అందుకే చెబుతున్నాను, టామీ సంగతి ఎక్కడా దాచకు. బ్రోకర్‌తో మొదటి మాటే అది కావాలి. "ముందు ఇంట్లో దిగండి, తర్వాత మెల్లగా తెచ్చుకోవచ్చు" అని వాళ్లే సలహా ఇస్తారు. ఒక నెల అద్దె కమిషన్ చేతిలో పడితే వాళ్ల పని అయిపోతుంది, తర్వాత మాటలు పడేది మనం. మా పాత అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం అలాగే దిగింది. కుక్కని తెల్లవారుజామున మెట్ల మీదుగా దింపి, చీకటి పడ్డాక మళ్లీ దింపేవాళ్లు. వాచ్‌మన్‌కి తెలిసింది, ఓనర్‌కి చేరింది. నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. ఆ కంగారులో ఇల్లు దొరక్క కుక్కనే ఎవరికో ఇచ్చేశారు. ఆ ఇంటి పిల్లాడు లిఫ్ట్ దగ్గర ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది.

ఇక రూల్స్ సంగతి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు "మా దగ్గర కుక్కలు నిషేధం" అని తీర్మానం చేస్తే అది చెల్లదు. భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అందరూ చేతులెత్తి మెజారిటీతో ఒప్పుకున్నా పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కకూడదని అనకూడదు. 2021లో కేరళ హైకోర్టు కూడా అలాంటి నిబంధనలు చెల్లవని తీర్పిచ్చింది. కానీ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా విను. ఇదంతా అసోసియేషన్ గురించి. ఇల్లు ఎవరికి ఇవ్వాలో ఓనర్ ఇష్టం. ఇవ్వనన్న ఓనర్ దగ్గర ఈ కాగితాలు పట్టుకుని వాదిస్తే లాభం లేదు, నమస్కారం పెట్టి వచ్చేయ్. ఓనర్ సరేనన్నాక అసోసియేషన్ వాళ్లు అడ్డొస్తే అప్పుడు బయటికి తీయి, అదీ నెమ్మదిగా. రోజూ ఎదురుపడే మనుషులు కదా.

ఇంకో చట్టం కూడా తెలుసుకో. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం పెంచుకున్న జీవిని తిండీ నీళ్లూ లేక అల్లాడే స్థితిలో వదిలేయడం నేరం. నువ్వు అలా చేస్తావని కాదు. ఈ ఊళ్లో ఇల్లు మారేటప్పుడు మెడకి పట్టీతో సహా రోడ్డు మీద వదిలేసి పోయినవాళ్లున్నారు. అలాంటి కుక్కలకి వీధిలో బతకడం రాదు, అక్కడి కుక్కలు కలవనివ్వవు. చూసినప్పుడల్లా కడుపు మండిపోతుంది.

నీ ఆఫీసు తార్నాకలో అన్నావు కాబట్టి అదృష్టవంతుడివి. సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, డిఫెన్స్ కాలనీ వైపు చూద్దాం. అక్కడ మిలిటరీలో పనిచేసి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లలో కుక్కల్ని పెంచేవాళ్లు ఎక్కువ. ఇండిపెండెంట్ ఇళ్లు, ప్రహరీ, చెట్లు ఉంటాయి. మెట్రో మాత్రం అక్కడిదాకా లేదు, బండి మీదే తిరగాలి. కొత్త అపార్ట్‌మెంట్ల కంటే ఇలాంటి పాత ఇళ్లలో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ నీకు బాగుంటుంది. టులెట్ బోర్డులు చాలావరకు గేటుకే కడతారు, ఆన్‌లైన్‌లో పెట్టరు. సాయంత్రం పూట బండేసుకుని గల్లీలు తిరగాల్సిందే, నేనొస్తాను.

పెంట్‌హౌస్, అదే మేడ పైన డాబా మీద కట్టిన పోర్షన్, అంటే మాత్రం ఒద్దు. కుక్క ఉందన్నా వెంటనే ఒప్పుకునేది ఆ ఓనర్లే, ఎందుకంటే ఎండాకాలంలో అవి తొందరగా అద్దెకు పోవు. ఏప్రిల్, మే నెలల్లో పైకప్పు వేడికి మనుషులే ఉండలేరు, ఇక బొచ్చున్న జీవం ఎలా ఉంటుంది? డాబా మీద కాలు పెడితే అరికాళ్లు కాలిపోతాయి. టామీ అసలే లావు.

మా ఇప్పటి ఓనర్ గారి సంగతి చెబుతాను, నీకు ధైర్యం వస్తుంది. మిలిటరీలో సుబేదార్‌గా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. శివంగిని కూడా తీసుకురమ్మన్నారు. మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆయన మాత్రం గుమ్మం మెట్టు మీద కూర్చుని, దాని వైపు చూడకుండా చెయ్యి మాత్రం కిందికి చాపి ఉంచారు. అది వాసన చూసి, ఓ చుట్టు తిరిగి, ఆయన మోకాలి పక్కన కూలబడింది. అప్పుడు వ్యాక్సిన్ పుస్తకం అడిగారు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ, సీసా మీది స్టిక్కర్ అంటించి డాక్టర్ సంతకం పెట్టిన ప్రతి గడీ వేలితో చూసుకున్నారు. రేబిస్ టీకా తేదీ దగ్గర ఆగి, మళ్లీ ఎప్పుడు వేయించాలో మమ్మల్నే చెప్పమన్నారు. చెవులు మడిచి పిడుదులున్నాయేమో చూశారు. "మీరిద్దరూ ఆఫీసుకెళ్తే ఇది ఒక్కతే ఉంటుందా?" ఇదొక్కటే ఆయన గట్టిగా అడిగిన ప్రశ్న. మా అమ్మ ఉంటుందని చెప్పాం. అద్దె సంగతి ఆ తర్వాతే మాట్లాడారు.

కాబట్టి నువ్వు రాకముందే టామీ పుస్తకం సరిచేయించు. రేబిస్ టీకా గడువు దాటితే ఇప్పుడే వేయించు, నులిపురుగుల మందు కూడా. ఇక్కడికొచ్చాక మున్సిపల్ లైసెన్స్‌కి ఎలాగూ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. రోజూ కాసేపు ఒంటరిగా ఇంట్లో ఉండటం అలవాటు చేయండి. ముందు కొద్ది నిమిషాలు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోవాలి. కొత్త ఇంట్లో మీరు గుమ్మం దాటగానే అరవడం మొదలుపెడితే పక్కింటివాళ్లు మొదటి వారమే ఫిర్యాదు చేస్తారు. టామీకి చికెన్ ఉడకబెడతారు కదా, ఆ సంగతీ ఓనర్‌కి ముందే చెప్పాలి. శాకాహారుల ఇల్లయితే మనమే వద్దనుకుందాం.

అగ్రిమెంట్ ఎప్పటిలాగే పదకొండు నెలలకి రాస్తారు. అందులో టామీ పేరు, రంగు, వయసు రాసి, ఓనర్ అనుమతితోనే ఉంటోందని ఒక వాక్యం పెట్టించు. నోటిమాట మీద ఆధారపడకు. ఓనర్ ఒప్పుకున్నా, రేపు ఫారిన్ నుంచి వాళ్లబ్బాయి వచ్చి కాదంటే మన చేతిలో కాగితం ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. తలుపులు, దోమతెరలు పాడైతే బాగుచేయిస్తానని నువ్వే ముందు రాయి. అడ్వాన్స్ కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వు. కానీ కుక్క పేరు చెప్పి ప్రతి నెలా అద్దె మీద అదనంగా అడిగేవాళ్లకి ఒప్పుకోకు. అది న్యాయం కాదు. దిగేరోజే తలుపులు, గోడలు, నేల అన్నీ ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్ చేసెయ్.

ప్రయాణానికి రైలే అనుకుంటే, కుక్కని మనతో ఉంచుకోవడానికి ఫస్ట్ ఏసీ తప్ప దారి లేదు, అదీ రెండు బెర్తుల కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మనమే తీసుకుంటేనే. మీరు నలుగురు కాబట్టి నాలుగు బెర్తుల క్యాబిన్ సరిపోతుంది. పార్సిల్ ఆఫీసులో టామీకి విడిగా బుక్ చేయాలి, పశువుల డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకో. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల డబ్బా ఉంటుంది, అందులో మాత్రం పంపకు, ఆ రాత్రంతా భయంతో వణికిపోతుంది. నన్నడిగితే కారే మేలు. విజయవాడ దాకా వచ్చి అక్కడ మా బావ వాళ్లింట్లో పడుకోండి, మర్నాడు పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే ఇక్కడుంటారు.

ఇల్లు కుదిరేదాకా మా ఇంట్లోనే ఉండండి. ఓనర్ గారిని అడిగాను, సరేనన్నారు. శివంగి మగకుక్కలతో కొత్తలో కాస్త గుర్రుమంటుంది, అందుకని మొదటిసారి ఇద్దరినీ బయట రోడ్డు మీదే కలుపుదాం. మామయ్యకి ఫోన్ చేసి టామీ రావడం లేదని చెప్పెయ్. అద్దె ఎంతదాకా పెట్టగలవో, రెండు పడగ్గదులు చాలునో లేదో చెల్లెమ్మని అడిగి వెంటనే రాయి. ఈ ఆదివారమే నేను నేరేడ్‌మెట్ వైపు చూడటం మొదలుపెడతాను.

నీ
రఘు