అవి వీధికుక్కలు కావు

సంపాదకులకు నమస్కారం.

మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దులోని మా సిరోంచ ప్రాంతంలో వీధికుక్కల బెడద పెరిగిందని పది రోజుల కిందట మీ పత్రికలో వార్త వచ్చింది. మిర్చి కోతల వల్ల వెంటనే రాయలేకపోయాను. మా చేల గట్ల మీద తిరుగుతున్నవన్నీ వీధికుక్కలు కావు. సన్నని నడుము, పొడవాటి మూతి, మెడ చుట్టూ పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు ఊడిన గుర్తు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అవి వేటకుక్కలని. 2005లో తపాలా బిళ్ల మీద ముధోల్ జాతి వేటకుక్క బొమ్మ వేసి గౌరవించిన దేశం మనది. అదే జాతి కుక్క కాలు విరిగితే వేటగాళ్లు ప్రాణహిత ఒడ్డున దించేసి వెళ్లిపోతున్నారు.

నది మీద వంతెనలు లేని రోజుల్లో పడవలో కుక్కలతో వచ్చేవాడెవడో ఊరంతటికీ తెలిసేది. ఇప్పుడు రాత్రిపూట కార్లు వస్తాయి. కుందేళ్లను, దుప్పులను తరిమి తెల్లవారకముందే వెళ్లిపోతారు. గాయపడిన కుక్క, పరుగు తగ్గిన కుక్క ఇక్కడే మిగిలిపోతుంది. నెల కిందట మా కల్లం దగ్గరికి ఒక ఆడకుక్క వచ్చింది. అడవిపంది కోర తగిలి దాని డొక్క చీలిపోయింది. కారు చప్పుడు వినపడితే చాలు, లేచి రోడ్డు దాకా కుంటుకుంటూ వెళ్లేది. వైద్యం కోసం ఫోను చేస్తే ఎవరి కుక్క అని అడిగారు. తొమ్మిదో రోజు చనిపోయింది.

ఎవరి కుక్క అన్నది తేల్చాల్సింది నేనా? 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్క టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స యజమాని బాధ్యత, వీధికుక్కవి స్థానిక సంస్థ బాధ్యత. మెడపట్టీ విప్పి వదిలేస్తే ఆ బరువు ఊరి మీద పడుతోంది. ఆకలితో అలమటించేలా జంతువును వదిలేస్తే 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాలు గడిచినా ఆ అంకె పెరగలేదు.

వన్యప్రాణిని తరమడం కూడా వేటేనని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. కానీ ఆ చట్టం గూడెంలో కుక్కను వెంటబెట్టుకుని అడవి అంచున నడిచే గోండు కుర్రవాడికే వర్తిస్తోంది. నాలుగు కుక్కలతో వచ్చిన కారును ఆపడం నేనింతవరకు చూడలేదు. ఇక్కడ ఫిర్యాదు చేస్తే వాళ్లు అవతలి రాష్ట్రంవాళ్లంటారు, అవతల చెబితే నేరం జరిగింది మహారాష్ట్రలో కదా అంటారు. ఫిర్యాదు మరాఠీలో రాసివ్వమంటారు. తెలుగు తప్ప మరొకటి రాని మా పెద్దవాళ్లు ఏం చేయాలి? జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు.

ఆకలికి తాళలేక ఈ కుక్కలు మేకల మీద పడుతున్నాయి. కాపలా ఉన్న పిల్లవాడిని ఒకటి కరిస్తే, రేబిస్ సీరం కోసం వాళ్ల నాన్న రెండు ఊళ్లు తిరిగాడు. పైగా ఈ ప్రాంతపు అడవుల్లో పులులు తిరుగుతుంటాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ సింహాల ప్రాణాలు తీసిన డిస్టెంపర్ కుక్కలకు వచ్చే జబ్బే; ఈ కుక్కల నుంచి అది పులులకూ సోకవచ్చు.

వంతెనల దగ్గర రాత్రి కాపలా పెట్టండి. కారులో కుక్కలుంటే టీకా కార్డు చూసి, యజమాని పేరు, బండి నంబరు, కుక్కల లెక్క రాసుకోండి. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ లెక్క చూడండి. రెండు రాష్ట్రాల అధికారులకూ ఆ పుస్తకం అందుబాటులో ఉండాలి. ఎండలు ముదిరి జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరే రోజులు వస్తున్నాయి. కార్లు మళ్లీ వస్తాయి. ఈలోపే ఆ ఏర్పాటు జరగాలి.

— ఒక రైతు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా